గ్రాంటు అడగడం ఎలా?

పన్నెండో తరగతి పరీక్షలు అయిపోగానే మన దీవుల్లో చాలా ఇళ్ళలో ఒకటే మాట వినిపిస్తుంది: "ఇక మెయిన్‌లాండ్‌కి పంపాల్సిందే." చెన్నై, విశాఖ, హైదరాబాద్, కోల్‌కతా, ఏదైనా సరే. ఎందుకండీ అని అడిగితే "ఇక్కడి కాలేజీల్లో ఏముంది?" అంటారు. మంచి ప్రశ్నే. కాలేజీలో పాఠం చెప్పే గది ఒక్కటీ ఉంటే చాలదు. చదివినదాన్ని చేతులతో చేసి చూసే చోటు ఉండాలి. చేసింది పనికొస్తే, దాన్ని నలుగురికీ అమ్మే దారి చూపించే పెద్దలు ఉండాలి. ఇవన్నీ ఏర్పాటు చేయడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఇచ్చే పథకాలు ప్రభుత్వానికి ఉన్నాయి. కానీ అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా. దరఖాస్తు పెట్టి అడగాలి. అలా అడిగి తెచ్చుకునే డబ్బే గ్రాంటు.

మీలో చాలామంది అమ్మానాన్నల బదిలీ మీద ఇక్కడికి వచ్చినవాళ్ళు. రెండు మూడేళ్ళలో మళ్ళీ సామాను సర్దుకుంటారు. ఈ దీవుల కాలేజీల గొడవ మనకెందుకు అనిపించవచ్చు. కానీ రేపు మీరు ఏ ఊళ్ళో చదివినా ఆ కాలేజీ కూడా ఇలాంటి దరఖాస్తులే పెడుతుంది. అది సరిగ్గా రాస్తే మీకో ప్రయోగశాల వస్తుంది, లేకపోతే పక్క కాలేజీకి వెళ్ళిపోతుంది. పైగా, ఇలాంటి దరఖాస్తును చిన్న స్థాయిలో మీరు ఆరో తరగతిలోనే పెట్టవచ్చు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. అప్పు తీసుకుంటే తిరిగి కట్టాలి. బహుమతి అనేది మనం ఇప్పటికే చేసినదానికి ఇస్తారు. గ్రాంటు ఈ రెండూ కాదు. అది మనం ఇంకా చేయని పనికి, చేస్తామన్న మాట మీద ఇచ్చే డబ్బు. తిరిగి కట్టక్కర్లేదు కానీ, చెప్పిన పనికే ఖర్చుపెట్టి ప్రతి రూపాయికీ లెక్క చూపించాలి. కిరాణా కొట్టుకు పంపేటప్పుడు అమ్మ ఇచ్చే డబ్బులాంటిది అనుకోండి. పప్పుకిచ్చిన డబ్బుతో చాక్లెట్ కొంటే ఏమవుతుందో మీకు తెలుసు.

ఈ విషయం చదివేటప్పుడు తరచూ ఎదురయ్యే మాట ఇంక్యుబేటర్. గుడ్లను వెచ్చగా ఉంచి పొదిగే పెట్టెకు ఆ పేరు. కొత్త వ్యాపారాలకు చోటు, సలహా, పనిముట్లు ఇచ్చి నిలదొక్కుకునేదాకా కాపాడే కేంద్రాన్ని కూడా ఇంక్యుబేటర్ అంటారు. ఆ పేరు వెనక ఒక సరదా కథ ఉంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో బటేవియా అనే ఊళ్ళో ఒక పెద్ద ఫ్యాక్టరీ మూతపడింది. జోసెఫ్ మాన్కూసో అనే ఆయన కుటుంబం ఆ భవనాన్ని కొని, 1959లో దాన్ని ముక్కలుగా విడదీసి చిన్న చిన్న కంపెనీలకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అద్దెకు దిగినవాళ్ళలో కోడిపిల్లలను పొదిగించే కంపెనీ కూడా ఒకటుంది. వాళ్ళు కోడిపిల్లలను పొదుగుతుంటే మేం వ్యాపారాలను పొదుగుతున్నామని ఆయన నవ్వుతూ అనేవారట. పేరు అలాగే నిలిచిపోయింది.

మన తెలుగు నేల మీద కూడా ఇలాంటివి చాలా వచ్చాయి. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్‌లో వ్యవసాయ వ్యాపారాల ఇంక్యుబేటర్ 2003లో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం సాయంతో మొదలైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో 2008లో ఒకటి వచ్చింది. అదే ఆవరణలో 2015లో టి-హబ్ తలుపులు తెరిచింది. అక్కడ విశ్వవిద్యాలయాలు, కంపెనీలు, పెట్టుబడి పెట్టేవాళ్ళు అందరూ ఒకే ఊళ్ళో ఉంటారు. ఆటో ఎక్కితే చేరుకోవచ్చు. మరి దీవుల్లో?

ఇక్కడ అసలు చిక్కు ఉంది. గ్రాంట్లు ఇచ్చే పథకాలు ఎక్కువగా పెద్ద సంస్థలను చూసి రాసినవి. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్‌నే చూడండి. అందులో అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ పెట్టుకోవడానికి ఒక సంస్థకు గరిష్ఠంగా అయిదేళ్ళలో రూ.10 కోట్ల వరకు ఇస్తారు. కానీ అడిగే సంస్థ దగ్గర 10,000 చదరపు అడుగుల కట్టిన చోటు సిద్ధంగా ఉండాలి. తన వంతు వాటా కూడా పెట్టాలి. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల కమిషన్ చట్టం 1956లో 12(బి) అనే సెక్షన్ ఉంది. కేంద్రం నుంచి వచ్చే చాలా గ్రాంట్లకు కాలేజీకి ఆ సెక్షన్ కింద గుర్తింపు ఉందా అని చూస్తారు. పేరున్న విశ్వవిద్యాలయానికి ఇవన్నీ ఉంటాయి. చిన్న దీవుల కాలేజీకి ఒక్కొక్కటీ ఒక మెట్టు ఎక్కడమే.

పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న మన ఊళ్ళో, జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం 1967 నుంచి ఉంది. పహాడ్‌గావ్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. మాయాబందర్‌లో మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల ఉంది. ఇక్కడి డిగ్రీ కాలేజీలు చాలాకాలం సముద్రం అవతల ఉన్న పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచాయి. ఆ విశ్వవిద్యాలయానికి ఇక్కడ సముద్ర జీవశాస్త్ర విభాగం కూడా ఉంది. గారాచర్మలో దీవుల వ్యవసాయ పరిశోధన సంస్థ 1978 నుంచి పనిచేస్తోంది. చదువుకున్నవాళ్ళకు కొరత లేదు. కానీ దూరం ఉంది.

ఆ దూరాన్ని దాటడానికి ఇక్కడ ఎంచుకున్న దారి చూడండి. దీవుల్లో అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ ఒక విశ్వవిద్యాలయంలో రాలేదు. దీవుల అభివృద్ధి కోసం ఉన్న ప్రభుత్వ కార్పొరేషన్ అనిడ్కో అండతో వచ్చింది. కాలేజీకి లేని చోటు, వాటా పెట్టే స్తోమత కార్పొరేషన్‌కు ఉంటాయి. కాలేజీల్లో చదివే పిల్లలు తమ ఆలోచనలతో అక్కడికి వెళ్ళవచ్చు. అర్హత మనకు లేకపోతే, అర్హత ఉన్నవాళ్ళతో కలిసి అడగడం కూడా ఒక పద్ధతే. దరఖాస్తు రాసేవాళ్ళు ముందుగా ఆలోచించాల్సింది ఇదే: ఎవరి పేరు మీద అడగాలి?

కొన్నిచోట్ల నిబంధనలే దీవులకు కాస్త దారి ఇస్తాయి. పాఠశాలల్లో పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు మామూలుగా 1,500 చదరపు అడుగుల గది అడుగుతారు. కొండ ప్రాంతాలకు, దీవులకు 1,000 చదరపు అడుగులు చాలన్నారు. సదుపాయాలు తక్కువగా ఉన్న ప్రాంతాల కోసం అటల్ కమ్యూనిటీ ఇన్నోవేషన్ సెంటర్ అని ఇంకో పథకం ఉంది. దానికి రూ.2.5 కోట్ల వరకు ఇస్తారు. ఇలాంటి చిన్న చిన్న వాక్యాలు నిబంధనల పుస్తకంలో ఎక్కడో ఇరవయ్యో పేజీలో ఉంటాయి. ఓపికగా చదివినవాళ్ళకే కనబడతాయి. దరఖాస్తు రాయడంలో సగం పని చదవడమే. ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక రాయడం. దరఖాస్తు ఫారం ఎంత పొడవున్నా మొదట అడిగేది ఒకటే: సమస్య ఏమిటి? ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సమస్య రాయమంటే తమ యంత్రం ఎంత గొప్పదో రాస్తారు.

సమస్యను ఎలా చూడాలో తెలుసుకోవాలంటే చింతకింది మల్లేశం గారి సంగతి వినాలి. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. పోచంపల్లి చీరలు నేసే కుటుంబం. చీర నేయడానికి ముందు దారాన్ని కొయ్యమేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోయాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు కదపాలి. వాళ్ళమ్మ లక్ష్మి గారికి ఆ పనివల్ల భుజం నొప్పి. ఇక నావల్ల కాదని ఆమె అంటుంటే చూడలేక, ఆ పని చేసే యంత్రం కోసం ఆయన 1992లో మొదలుపెట్టారు. డబ్బు చాలక, చుట్టుపక్కల వాళ్ళు నవ్వినా వదలక, 1999కి దాన్ని పూర్తిచేశారు. పేరు లక్ష్మి ఆసు యంత్రం. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇందులో దరఖాస్తుకు కావలసినవన్నీ ఉన్నాయి. బాధ ఎవరిది? అమ్మది. ఏ పనిలో? ఆసు పోయడంలో. ఎంత? వేలసార్లు చెయ్యి కదపడమంత. అమ్మలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా? ఊళ్ళో ప్రతి చేనేత ఇంట్లోనూ ఉన్నారు. చేనేత రంగంలో విప్లవం తెస్తానని ఆయన బయలుదేరలేదు. ఒక భుజం నొప్పి తగ్గించాలని బయలుదేరారు.

మన దీవుల నుంచే ఒక ఉదాహరణ అల్లుకుందాం. ఇది ఊహ మాత్రమే, నిజంగా ఏ కాలేజీ పెట్టినదీ కాదు. ఇక్కడ కొబ్బరితోటలు ఎక్కువ. వానా ఎక్కువే. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది, మే నుంచి డిసెంబరు దాకా వదలదు. కొబ్బరి ఎండాలంటే ఎండ కావాలి. ఎండ లేనప్పుడు పొగ పెట్టి ఆరబెడతారు, దాంతో కొబ్బరి నల్లబడుతుంది. నల్లబడినదానికి ధర తగ్గుతుంది. కోనసీమ నుంచి వచ్చిన పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు, అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి రంగు చూసే బేరం మొదలవుతుంది. కాలేజీ విద్యార్థులు నలుగురు కలిసి వానలో కూడా పనిచేసే చిన్న ఆరబెట్టే గూడు చేయాలనుకున్నారనుకోండి. వాళ్ళు మొదటిసారి రాసింది ఇలా ఉంది:

"అండమాన్ రైతుల జీవితాల్లో వెలుగులు నింపే అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో కూడిన వినూత్న యంత్రాన్ని రూపొందిస్తాము."

చదవడానికి బాగానే ఉంది. కానీ ఇందులో ఏమీ లేదు. ఏ రైతులు? ఏ యంత్రం? కమిటీలో కూర్చున్నవాళ్ళు ఒక రోజులో ఇలాంటివి ఎన్నో చదువుతారు. రెండోసారి వాళ్ళు ఇలా రాశారు:

"జులైలో మేము ఫెర్రార్‌గంజ్ వైపు పన్నెండు తోటలకు వెళ్ళాము. తొమ్మిది చోట్ల కొబ్బరిని పొగమీద ఆరబెడుతున్నారు. నల్లబడినదానికి కిలోకు ఎంత తగ్గించి కొంటున్నారో ముగ్గురు వ్యాపారులను అడిగి రాసుకున్నాము. అట్టపెట్టె, ప్లాస్టిక్ షీటు, పాత కంప్యూటర్ ఫ్యాన్‌తో చిన్న గూడు చేసి అయిదు కాయలు ఆరబెట్టి చూశాము. నాలుగు రోజులు పట్టింది. రెండు కాయలకు బూజు వచ్చింది. గాలి కింది అరకు అందకపోవడమే కారణమని అనుకుంటున్నాము. దాన్ని సరిచేసిన పెద్ద గూడుకు డబ్బు అడుగుతున్నాము."

ఈ రెండో దరఖాస్తులో రెండు కాయలకు బూజు పట్టిందని రాయడం నాకు అన్నిటికంటే నచ్చుతుంది. కొందరు అది దాచిపెడతారు. దాచక్కర్లేదు. చేసి చూసినవాళ్ళకే బూజు సంగతి తెలుస్తుంది. అది చదివిన పెద్దలకు వీళ్ళు నిజంగా తోటకు వెళ్ళారని, నిజంగా చేశారని నమ్మకం కుదురుతుంది. ఇందాక అనుకున్నాం కదా, గ్రాంటు అంటే చేయని పనికి మాట మీద ఇచ్చే డబ్బు అని. ఆ మాటను నమ్మించేవి ఇలాంటి వివరాలే.

తర్వాత వచ్చేది బడ్జెట్. లెక్కలంటే విసుగు పడేవాళ్ళు ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. పై నలుగురి లెక్క ఇలా ఉందనుకుందాం (అర్థం కావడానికి వేసుకున్న అంకెలే ఇవి): పాలీకార్బొనేట్ షీట్లకు రూ.14,000, ఫ్రేముకు రూ.11,000, చిన్న సోలార్ ప్యానెల్‌కు, ఫ్యాన్లకు రూ.9,000, వేడి, తేమ కొలిచే మీటర్లకు రూ.4,000. మొత్తం రూ.38,000. చాలామంది ఇక్కడ ఆగిపోయి సంతకం పెట్టేస్తారు. హైదరాబాద్‌లో అయితే అది సరిపోవచ్చు. పోర్ట్ బ్లెయిర్ చెన్నైకి 1,190 కిలోమీటర్లు, విశాఖకు 1,200, కోల్‌కతాకు 1,255. షీట్లు, ప్యానెల్ ఓడలో రావాలి. ఓడకు మూడు రోజులు, సముద్రం బాగాలేకపోతే ఇంకా ఎక్కువ. రవాణాకు రూ.6,000 వేశారు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, ఫ్యాన్ కాలిపోతే విడిభాగం కూడా ఓడలోనే రావాలి. అందుకని రిపేర్లకు రూ.5,000. తోటలకు వెళ్ళడానికి బస్సు, పడవ ఖర్చులు రూ.3,000. ఇప్పుడు మొత్తం రూ.52,000. మొదటి లెక్కకంటే రూ.14,000 ఎక్కువ.

ఎక్కువ అడిగితే ఇవ్వరేమో అని భయపడి ఆ రూ.14,000 తీసేస్తే ఏమవుతుంది? డబ్బు వస్తుంది, షీట్లు కొంటారు, అవి చెన్నై రేవులో పడి ఉంటాయి. తక్కువ అడగడం కూడా తప్పు లెక్కే. అయితే ఎందుకు ఎక్కువవుతోందో ఒక వాక్యంలో రాయాలి. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు ఉప్పుగాలి సంగతి తెలియకపోవచ్చు. సరుకు రవాణాకు ఇంత పడుతుందని రవాణా కంపెనీ ఇచ్చిన కాగితం జతచేస్తే ఇంకా మంచిది.

కాలేజీ పెద్ద గ్రాంటు అడిగినప్పుడు ఇవే లెక్కలు కోట్లలో ఉంటాయి. అక్కడ ఇంకో తేడా చూపిస్తారు. యంత్రాలు కొనడం, గది సిద్ధం చేయడం ఒక్కసారి అయ్యే ఖర్చు. జీతాలు, కరెంటు, ఇంటర్నెట్, ముడిసరుకు ఏటా అయ్యే ఖర్చు. మన పాఠశాలల టింకరింగ్ ల్యాబ్‌కు ఇచ్చే రూ.20 లక్షల్లో కూడా ఇదే విభజన ఉంది: రూ.10 లక్షలు ల్యాబ్ పెట్టడానికి, రూ.10 లక్షలు అయిదేళ్ళ వరకు నడపడానికి. ఇంటర్నెట్ అన్నాను కాబట్టి ఒక మాట. చెన్నై నుంచి సముద్రగర్భం గుండా సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించేదాకా, ఇక్కడ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెద్ద ఫైలు ఎక్కించడమే ఒక పరీక్ష. ఇప్పుడు ఆ సాకు చెల్లదు.

బడ్జెట్ తర్వాత వచ్చే ప్రశ్న అన్నిటికంటే గట్టిది. డబ్బు అయిపోయాక ఏమవుతుంది? మూడేళ్ళ గ్రాంటు మూడో ఏడాది మార్చితో ముగుస్తుంది. ఏప్రిల్‌లో ల్యాబ్‌కు కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఆ పనిని నడిపించిన లెక్చరర్‌ను వేరే దీవికి బదిలీ చేస్తే తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయి? విద్యార్థులు డిగ్రీ అయి వెళ్ళిపోతే యంత్రం ఎలా నడపాలో తర్వాతి బ్యాచ్‌కి ఎవరు చెబుతారు? ప్రయోగశాలలు మూతపడేది డబ్బు లేకపోవడం వల్లే కాదు, తెలిసినవాడు వెళ్ళిపోవడం వల్ల కూడా కావచ్చు.

ఈ ప్రశ్నకు జవాబు మీ ఇళ్ళలోనే ఉంది. నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఆర్డర్ వచ్చినప్పుడు ఏం చేస్తారో చూసే ఉంటారు. కొత్తగా వచ్చినవారికి చార్జ్ అప్పగిస్తారు. ఏ ఫైలు ఎక్కడుందో, ఏ పని ఎంతవరకు వచ్చిందో, ఏ వస్తువులు ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు. మంచి దరఖాస్తులో సరిగ్గా ఆ ఏర్పాటే ఉంటుంది. బాధ్యత ఒక్కరిమీదే కాకుండా ఇద్దరు అధ్యాపకుల మీద ఉంచుతారు. ప్రతి సెమిస్టర్‌లోనూ జూనియర్లను చేర్చుకుంటారు. పనిచేసే పద్ధతి పుస్తకంలో రాసి ఉంచుతారు. గ్రాంటు తర్వాత ఆదాయం ఎలా వస్తుందో కూడా చెబుతారు: ఆరబెట్టే గూడును రైతులకు అద్దెకిస్తామనో, ల్యాబ్‌లోని యంత్రాలను బయటివాళ్ళు వాడుకుంటే రుసుము తీసుకుంటామనో. బదిలీల మధ్య పెరిగిన పిల్లలకు ఈ భాగం రాయడం మిగతావాళ్ళకంటే సులువనే నా నమ్మకం.

దీవుల్లో ఉన్నవాళ్ళు మరవకూడనిది ఇంకొకటి ఉంది. అనుమతులు. బీచ్‌లో దొరికే పగడాల ముక్కలతో అలంకరణ వస్తువులు చేద్దామని ఎవరికైనా ఆలోచన రావచ్చు. పగడాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణలో ఉన్నాయి. వాటిని సేకరించడం నేరం. ఆదివాసుల రిజర్వు ప్రాంతాలకు 1956 నాటి ప్రత్యేక నిబంధన ఉంది, అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. వాళ్ళకు తెలిసిన మూలికల మీద మనం వ్యాపారం చేస్తామంటే అది చట్టం సంగతే కాదు, న్యాయం సంగతి కూడా. ఇక్కడి మొక్కలతో, జీవులతో వ్యాపారానికి జీవవైవిధ్య చట్టం 2002 వర్తిస్తుంది. ఎంత మంచి ఆలోచనైనా ఈ జల్లెడలో ఆగిపోతే దరఖాస్తు అక్కడితో సరి. అందుకే ఎండిన కొబ్బరిపీచు, ఒడ్డుకు కొట్టుకొచ్చే ప్లాస్టిక్, వాననీటి నిల్వ లాంటి విషయాలు మొదట ఎంచుకోవడం మేలు.

దరఖాస్తు పోర్టల్‌లో పెట్టాక కమిటీ చదువుతుంది. నచ్చితే పిలిచి మాట్లాడమంటుంది. పది నిమిషాల్లో చెప్పాలి, ప్రశ్నలకు జవాబివ్వాలి. మంజూరైతే డబ్బంతా ఒక్కసారి రాదు. విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చు చూపించాక రెండోది. ఖర్చు చూపించే కాగితాన్ని యుటిలైజేషన్ సర్టిఫికెట్ అంటారు, ఆఫీసుల్లో పొట్టిగా యూసీ. ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు 2017లో దీనికి 12-ఎ అనే ఫారం ఉంది. మీ ఇంట్లో ఎవరైనా అకౌంట్స్ విభాగంలో పనిచేస్తుంటే ఈ పేరు చెప్పి చూడండి, ఒక నిట్టూర్పు వినిపిస్తుంది! బిల్లు పోగొట్టుకుంటే యూసీ ఆగుతుంది, యూసీ ఆగితే రెండో విడత ఆగుతుంది. సగం కట్టిన ల్యాబ్ మీద వాన పడుతూ ఉంటుంది.

రాకపోతే? చాలాసార్లు రాదు. కారణం చెబితే రాసుకుని, దాన్ని సరిచేసి మరుసటి ఏడాది మళ్ళీ పెడతారు. గట్టి కాలేజీలు చేసేది ఇదే.

ఇప్పుడు మీ సంగతి. ఆరో తరగతి నుంచి పైకి చదివే పిల్లలకు శాస్త్ర సాంకేతిక విభాగం, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి ఇన్‌స్పైర్ అవార్డ్స్ మానక్ అనే పథకం నడుపుతున్నాయి. పేరులో అవార్డు అని ఉన్నా, పనిలో ఇది చిన్న గ్రాంటే. ఏటా దేశం మొత్తం మీద 10 లక్షల ఆలోచనలు సేకరించాలని, అందులోంచి లక్ష ఎంపిక చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారుచేసుకోవడానికి రూ.10,000 నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు ఉంటాయి.

మీ అంతట మీరు పంపలేరు, పాఠశాల పంపాలి. పాఠశాల ముందు తన పిల్లల నుంచి ఆలోచనలు తీసుకుని మంచివి ఎంచుతుంది. కాబట్టి మొదటి కమిటీ మీ సైన్సు టీచరే. ఆవిడకు ఇచ్చే కాగితంలో పైన చెప్పినవే రాయండి: బాధ ఎవరిది, మీరు ఎక్కడ చూశారు, ఎంతమందిని అడిగారు, ఏం చేసి చూశారు, ఏది కుదరలేదు, రూ.10,000లో దేనికెంత. ఇంటర్నెట్‌లో చూసి దించిన ఆలోచనలను అక్కడే పక్కన పెట్టేస్తారు. మీరు ఇంతకుముందు ఉన్న ఊళ్ళో చూసిన సమస్య అయినా ఫర్వాలేదు. జైసల్మేర్‌లో నీళ్ళ కోసం పడ్డ పాట్లు, జోర్హాట్‌లో వరద, ఇక్కడి తుప్పు మూడూ చూసిన పిల్లవాడికి రాయడానికి కొదవేముంది?

తేదీలు వేసి ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. మీ పేరు మీద బ్యాంకు ఖాతా లేకపోతే ఇప్పుడే తెరిపించమని ఇంట్లో అడగండి, ఎంపికయ్యాక పరుగులు పెట్టకుండా. దరఖాస్తులో రాసే ఫోన్ నంబరు మాత్రం బదిలీ అయినా మారనిది ఇవ్వండి.